రాకు బిడ్డా

అమ్మ ప్రేమ గురించి తెలుగులో రాసినంత ఇంకే ప్రేమ గురించీ రాసి ఉండరు. ఆ రాతల్లో అమ్మ ఎప్పుడూ పిల్లల్ని పట్టుకునే ఉంటుంది. వేలు పట్టి నడిపిస్తుంది, కొంగున దాచుకుంటుంది, గడపలో నిలబడి ఎదురుచూస్తుంది. ఎప్పుడో పిల్లలకు పాతికేళ్లొచ్చి, వీసా వచ్చి, విమానం ఎక్కుతుంటే అప్పుడు వదులుతుంది. ఆ తల్లుల కన్నీళ్లను నేను తక్కువ చేయను. కానీ మన వాడల్లో తల్లులు పిల్లల్ని వదిలింది ఆ వయసులో కాదు, ఆ కారణానికి కాదు. పదేళ్లకు వదిలారు. ఒక రేకు పెట్టె, ఒక ప్లేటు, ఒక గ్లాసు చేతికిచ్చి హాస్టల్ గేటు దగ్గర వదిలారు. ఈ వారం ఆ వదలడం గురించి మాట్లాడుకుందాం. ఇది హాస్టళ్లలో చదివిన తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. చదివాక మీ ఇంటి సంగతి మీరు తరచి చూసుకోవాలని ముందే అడుగుతున్నాను.

నా సంగతి చెప్తాను. మాది పాత నల్లగొండ జిల్లా, మూసీ దిగువన ఒక ఊరు. మాదిగవాడ. నాయన డప్పు కొట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, పని లేని రోజు కైకిలి పోయేవాడు. అవ్వ నాట్లకు, కలుపులకు, కోతలకు పోయేది. అన్న నాకంటే ఏడేళ్లు పెద్ద. 1984 ఉగాదికి, పదకొండేళ్ల వయసులో, వాణ్ని ఊరి పటేలు ఇంట్లో జీతం పెట్టారు.

ఇప్పటి పిల్లలకు జీతం అంటే నెల మొదట్లో బ్యాంకులో పడేది. మా ఊళ్లో జీతం అంటే వేరు. ఇంట్లో ఒక చావో, ఒక పెళ్లో, ఒక జబ్బో వస్తుంది. పటేలు దగ్గర కొంత డబ్బు, నాలుగు కుంచాల గింజలు తెస్తారు. దానికి ఇంట్లో ఒక మనిషిని ఒప్పజెప్తారు. ఉగాది నుంచి ఉగాది దాకా ఏడాది లెక్క. పొద్దున కోడి కూయకముందు పోవాలి, రాత్రి పశువులకు మేత వేశాక రావాలి. జ్వరమొచ్చి రాని రోజులు లెక్కలో కలుస్తాయి. ఎద్దు కాలు విరిగితే అదీ లెక్కలో కలుస్తుంది. ఏడాది తిరిగేసరికి అప్పు తీరదు, పెరుగుతుంది. ఆ లెక్క రాసేది పటేలు. చదవగలిగేదీ పటేలే. తండ్రి అప్పుకు కొడుకు, అన్న అప్పుకు తమ్ముడు.

దీన్ని దేశంలో రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాయి. రాజ్యాంగం 23వ అధికరణం అంతకంటే పాతికేళ్ల ముందే దాన్ని నిషేధించింది. మా అన్న పశువుల కొట్టంలోకి పోయింది ఆ చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు. చట్టం హైదరాబాదుకు వచ్చింది కానీ మా ఊరి బస్సు ఎక్కలేదు.

అయినా చట్టం వట్టిపోయిందని అనను. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఆ శాఖల్లో ఉండి, వెట్టి మనుషుల్ని విడిపించడమే ఉద్యోగంగా పెట్టుకున్న కాలమది. పెళ్లి చేసుకోకుండా, జీతంలో పెద్ద భాగం మన హాస్టల్ పిల్లల కోసమే ఖర్చు చేసిన మనిషి ఆయన. తర్వాత పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆ కాలంలో ఏదో ఒక ఊరికి సర్కారు జీపు వచ్చిందని, జీతగాళ్ల పేర్లు రాసుకుపోయిందని మా దగ్గర కథలుగా చెప్పుకునేవాళ్లు. జీపు మా ఊరికి రాలేదు. జీపు భయం మాత్రం వచ్చింది. ఆ భయాన్ని మా అవ్వ ఎలా వాడుకుందో ముందు చెప్తాను, కాస్త ఆగండి.

1990లో నేను నాలుగో తరగతి అయిపోయాను. మా బడిపంతులు ఫారం నింపి పంపితే సాంఘిక సంక్షేమ గురుకులంలో అయిదో తరగతి సీటొచ్చింది. గురుకులాలు మొదట పుట్టింది మా జిల్లాలోనే. 1971లో సర్వేలులో తొలి గురుకుల పాఠశాల పెట్టారు. ఎస్సీ పిల్లల కోసం విడిగా గురుకులాలు 1980ల్లో వచ్చాయి. జూన్‌లో ఒకరోజు అవ్వ నన్ను రెండు బస్సులు మార్చి తీసుకుపోయింది. రిజిస్టర్‌లో వేలిముద్ర వేసింది. నా పెట్టెకు తాళం సరిగా పడుతుందో లేదో రెండుసార్లు చూసింది. "మంచిగుండు" అని ఒక్క మాట అని, బస్సుకు టైమైందని పోయింది. ఏడవలేదు. గేటు దాటాక తిరిగి చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను, అందుకే కచ్చితంగా చెప్తున్నాను.

హాస్టల్లో చదివినవాళ్లకు ఆదివారం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. నెలకో ఆదివారం తల్లిదండ్రులు వస్తారు. పొద్దున్నే తలస్నానం చేసి, ఉన్నదాంట్లో మంచి అంగీ తొడుక్కుని గేటు దగ్గర కాపు కాస్తాం. దూరంగా చీర రంగును బట్టి ఎవరి అమ్మో గుర్తుపట్టే పోటీ ఉండేది. సజ్జరొట్టెలు, మురుకులు, ఎండుచేపల కూర వచ్చేవి. చెట్ల కింద పిల్లల నోట్లో ముద్దలు పెట్టేవాళ్లు. మా అవ్వ మొదటి ఏడాది రెండుసార్లు వచ్చింది. తర్వాత తర్వాత ఏడాదికి ఒకసారి. దోస్తుల అమ్మలు వాళ్ల ముద్దల్లోంచి నాకూ పెట్టేవాళ్లు. ఆ తల్లుల చేతివంట రుచి నాకు ఇప్పటికీ గుర్తే.

సెలవులు ఇంకో కథ. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలానికి అందరూ ఊళ్లకు పోతారు. నన్ను మాత్రం సూర్యాపేటలో ఉన్న చిన్నవ్వ ఇంటికి పంపేది. ఒకటే రూము. చిన్నబాపు రిక్షా తొక్కేవాడు. నేను వరండాలో పడుకునేవాణ్ని. అవ్వ సెలవుల్లో ఒకరోజు వచ్చి, పొద్దుగూకేలోపు పోయేది. "ఊరికి నేనూ వస్తనే" అంటే ఒకటే మాట: "ఏమున్నదాడ? రాకు బిడ్డా." ఉత్తరాలు ఎవరితోనో రాయించేది. ఎవరు రాసినా చివరి వాక్యం మారేది కాదు. ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వు రాకు. ఇంటర్లో ఉండగా ముత్యాలమ్మ పండుగ వచ్చింది. ఊళ్లో ఎక్కడెక్కడి వాళ్లూ వస్తారు. నాకు మాత్రం "రాకు" అనే కబురొచ్చింది.

1999లో నాయన పోయాడు. అప్పుడు డిగ్రీలో ఉన్నాను. ఆ కబురుకు ఊరికి పోయాను. మట్టిచేసి వచ్చిన మూడో రోజు ఊరి పెద్దమనుషులు ఇద్దరు వాడకొచ్చి దూరంగా నిలబడి మాట్లాడారు. మాటల మధ్యలో ఒకాయన నన్ను చూసి, "వీడు చిన్నోడు గదా, అయ్య వంతు డప్పు ఇగ వీడే అందుకోవాలె" అన్నాడు. గోడకు నాయన డప్పు వేలాడుతోంది. అవ్వ ఏం మాట్లాడలేదు. లోపలికి పోయి నా సంచి సర్దింది. ఆ సాయంత్రం బస్సుకే నన్ను ఎక్కించింది. పదకొండో రోజు దినాలకు నేను లేను. కన్నతండ్రి దినాలకు కొడుకును ఉండనివ్వని తల్లి ఎవరైనా ఉంటుందా అని వాడలో ఆడవాళ్లే అవ్వను అడిగారట. దానికీ ఆమె జవాబు చెప్పలేదు.

డప్పు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. డప్పు మన కళ. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు ఆ దరువుతోనే మన పేరు మనం గర్వంగా చెప్పుకున్నాం. ఉద్యమాల్లో నేనూ కొట్టాను, కొడతాను. కానీ నచ్చి కొట్టే డప్పు వేరు, పిలిస్తే పరుగెత్తి కొట్టాల్సిన డప్పు వేరు. రెండోదానికి మనిషి అక్కర్లేదు, ఆ కులంలో పుట్టిన చేతులు చాలు. నాయన వంతు అన్నమాట వినగానే అవ్వ చూసింది నా చేతులనే.

ఇవన్నీ ఒక దారంలో గుచ్చుకుని నాకు అర్థమైంది చాలా ఆలస్యంగా, అవ్వ పోయాక. అది కూడా అన్న చెబితే. మా అన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అవ్వ సంవత్సరీకం రాత్రి అరుగు మీద కూర్చుని, అడగకుండానే, 1990 ఉగాది ముందు జరిగింది చెప్పాడు.

ఆ ఏడాది నాయనకు టీబీ వచ్చింది. మందులకు మళ్లీ పటేలు దగ్గరికే పోవాల్సి వచ్చింది. పాత అప్పు మీద కొత్త అప్పు. పటేలు లెక్క చూసి, "పెద్దోడు ఒక్కడే చాలడు. చిన్నోణ్ని గూడ పసులకాడికి తోలు" అన్నాడు. అవ్వ అప్పుడు సరే అనలేదు, కాదనలేదు. నాట్లు వస్తున్నాయి పటేలా, చూద్దాం అంది. సీటు కబురు వచ్చాక మళ్లీ పిలిపించాడు. అన్న అక్కడే ఎద్దుల పగ్గం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవ్వ చేతులు కట్టుకుని చెప్పిందట: "వాడు నా చేతులల్ల లేడు పటేలా. సర్కారు రాసుకున్నది. నేను వేలిముద్ర ఏసిన. వాపసు తీస్కొస్తే కేసయితదట, జీపొస్తదట."

కేసు లేదు, జీపు లేదు. హాస్టల్‌లో అలాంటి కాగితం ఏదీ ఎవరూ రాయించుకోరు. అక్షరం రాని మా అవ్వ తన వేలిముద్రను తానే ఒక చట్టంగా మార్చుకుంది. ఊరు దాటని ఆ జీపును ఊళ్లోకి తెచ్చింది.

పటేలు కాసేపు ఆలోచించి అన్నాడట: "సర్కారు బడికి సెలవులుండయా? సెలవులకైతే వస్తడు గద. అప్పుడు పంపు."

సెలవులకు వస్తే పంపాలి. అందుకే రాకూడదు. దసరాకు రాకూడదు, సంక్రాంతికి రాకూడదు, ఎండాకాలం అసలే రాకూడదు. అన్న చెప్పింది ఇదే: "నువ్వు ఊళ్లె కాలు పెడితే అవ్వ చెప్పిన మాట అబద్ధమైతుండె." పదేళ్ల పిల్లవాణ్ని చూడాలని ఏ తల్లికి ఉండదు? ఆమె నన్ను చూడ్డానికి ఎక్కువసార్లు రాకపోవడానికీ కారణం ఉంది. ఆ నాట్లకు, ఆ తర్వాతి నాట్లకు పటేలు వాళ్ల బజారులో ఎవరూ అవ్వను కైకిలికి పిలవలేదు. పక్క ఊరికి నడిచి పోయి చేసింది. పోనూ రానూ ఎనిమిది మైళ్లు. ఆదివారం పని మానితే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. అన్న 1992 దాకా, నా బదులు కూడా కలిపి జీతం ఉన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "చెప్తే నువ్వు ఉరికొస్తుంటివి" అన్నాడు అన్న. నిజమే. పద్నాలుగేళ్లకో పదిహేనేళ్లకో ఈ సంగతి తెలిసి ఉంటే చదువు వదిలి వచ్చేవాణ్ని. నా మనసులో ఊరి మీద కోరిక మిగలకుండా చూడడం కూడా ఆమె పనిలో భాగమే. "ఏమున్నదాడ" అన్న మాటతో ఆ పని చేసింది. ప్రేమ చూపిస్తే వెనక్కి తిరుగుతానని ప్రేమనే దాచిపెట్టింది.

అన్న ఇంకొక మాట అన్నాడు. "నన్ను పట్టుకున్నది గాబట్టే నిన్ను వదిలింది." కోపంతో అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ వాక్యం నాకు తేలిగ్గా మింగుడుపడలేదు, మీకూ పడకూడదు. ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ని విడిపించడానికి ఇంకొకణ్ని ఆ కొట్టంలోనే ఉంచాల్సి వచ్చిన లెక్క అది. ఆ లెక్కను తయారు చేసింది అవ్వ కాదు. లెక్కల పుస్తకం పటేలు ఇంట్లో ఉంది. అవ్వ చేసిందల్లా, ఇద్దరూ పోయే చోట ఒక్కణ్నైనా మిగిల్చుకోవడం. మాలో ఎవరైనా నేను స్వయంకృషితో పైకొచ్చాను అంటుంటే నాకు అన్న మోకాళ్లు గుర్తొస్తాయి. మొదటి తరం చదువుకున్న ప్రతి దళితుడి వెనక, చదువు అందని ఒక అన్నో, అక్కో ఉంటారు. మెరిట్ గురించి మనతో వాదించేవాళ్లకు ఆ మనిషి కనిపించడు. మనకైనా కనిపించాలి.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ గ్రామం గురించి మాట్లాడారు. ఊరే భారతదేశపు ఆత్మ అని చాలామంది మురిసిపోతుంటే, ఊరు సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి గుహ అనే అర్థంలో చెప్పి, ఊరిని కాక వ్యక్తిని రాజ్యాంగానికి ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషం తెలిపారు. నేను ఆ ప్రసంగాన్ని యూనివర్సిటీలో చదివాను, సభల్లో వివరించాను. మా అవ్వకు ఆ ప్రసంగం తెలియదు. ఆమె దాన్ని రెండు మాటల్లో నాకు ఎన్నోసార్లు చెప్పింది: రాకు బిడ్డా. ఊరిని పక్కనపెట్టి మనిషిని లెక్కలోకి తీసుకోవడం అంటే ఆమె భాషలో అదే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. గోగు శ్యామల గారి ఒక కథలో, కూతుర్ని జోగినిని చేయాలన్న ఊరి పెత్తందార్ల నుంచి తప్పించడానికి ఆ పిల్లను హాస్టల్లో చేరుస్తారు. దానికి ఇల్లంతా మూల్యం చెల్లిస్తుంది. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో చట్టం వచ్చింది 1988లో. చట్టం కంటే ముందూ, తర్వాతా కూడా ఆడపిల్లలకు అడ్డుగా నిలబడింది హాస్టల్ గేటే. వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య' చదివితే ఊరు వదిలి రైల్వేలోకి పోవడం ఆ ఇంటి చదువుకు దారి ఎలా అయిందో కనిపిస్తుంది. 2014 మే 25న మన గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కితే దేశమంతా ఫొటోలు చూసింది. పూర్ణకు అప్పుడు పదమూడేళ్లు. ఆ వయసు బిడ్డను ఆ కొండ మీదికి పంపిన ఇంటి గుండె ఎంతదో నేను ఆ రోజు చాలాసేపు ఆలోచించాను.

వదిలిన ప్రతి తల్లికీ బిడ్డ తిరిగి దక్కలేదు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. 2019 మే నెలలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వీని పోగొట్టుకున్నాం. ఆమె ఆదివాసీ బిడ్డ. ఆ ఇద్దరి తల్లులు, రాధిక వేముల, ఆబెదా తడ్వీ, కలిసి 2019లోనే సుప్రీంకోర్టుకు పోయారు. ఉన్నత విద్యాసంస్థల్లో కులవివక్షను ఆపే నిబంధనలు నిజంగా అమలు కావాలని అడిగారు. చూడండి, వాళ్లు ఒకప్పుడు బిడ్డల్ని చదువుకు వదిలినవాళ్లే. ఆ బిడ్డల తర్వాత వచ్చే పిల్లల్ని మాత్రం వదల్లేదు. ఊరి నుంచి తప్పించి పంపితే క్యాంపస్‌లో మళ్లీ ఊరే ఎదురైతే, ఆ తల్లులు చేసిన పనికి అర్థం ఏం మిగులుతుంది? యూనివర్సిటీలో మనం చేసే ప్రతి పోరాటం ఈ ప్రశ్నకు జవాబు.

చివరిగా, ఇది అవ్వను పొగిడే వ్యాసంగా మీరు చదవొద్దు. అవ్వ త్యాగమూర్తి అని నేను రాయను. త్యాగం అన్నమాట వాడగానే దోషులు తప్పించుకుంటారు. ఆమెకు రెండే దారులు ఇచ్చారు. ఒకటి పటేలు గేటు, రెండోది హాస్టల్ గేటు. మా ఊళ్లో మంచి బడి ఉండి, టీబీకి సర్కారు మందు టైముకు అంది ఉంటే, జీతం ఉంచుకున్నవాడి మీద నిజంగా కేసు అయి ఉంటే, నేను అవ్వ దగ్గరే ఉండి చదువుకునేవాణ్ని. అన్న కూడా చదివేవాడు. రాజ్యాంగం 46వ అధికరణం ఎస్సీ, ఎస్టీల చదువును ప్రత్యేక శ్రద్ధతో పెంచాలని చెప్పింది. 21ఎ అధికరణం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకా చదువును హక్కు చేశాయి. ఆ హక్కు దక్కాలంటే ఇప్పటికీ పదేళ్ల పిల్లలు తల్లికి దూరం కావాల్సిందేనా? చదువూ అమ్మా రెండూ కావాలని అడిగే హక్కు మన పిల్లలకు లేదా? హాస్టళ్లు బాగుండాలని కొట్లాడుతూనే, వాడ పక్కన బడి బాగుండాలని కూడా కొట్లాడాలి. రెండూ ఒకే డిమాండు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈసారి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. మిమ్మల్ని హాస్టల్లో వేసిన ఏడాది ఇంట్లో ఏం జరిగిందో అడగండి. ఎవరి దగ్గర ఎంత అప్పుంది, ఎవరు ఎవరి ఇంట్లో పనికి పోయారు, ఎవరి చదువు ఆగింది అని అడగండి. అమ్మ చెప్పకపోవచ్చు. అన్నను అడగండి, అక్కను అడగండి, చిన్నవ్వను అడగండి. చెప్పింది రాసిపెట్టుకోండి. పటేలు లెక్కల పుస్తకంలో మనవాళ్ల పేర్లు అప్పుల కింద ఉన్నాయి. మన రాతల్లో అవి మనుషుల పేర్లుగా ఉండాలి.

మా అన్న చిన్నకొడుకు ఇప్పుడు గురుకులంలో తొమ్మిదో తరగతి. ప్రతి సెలవుకూ ఇంటికి వస్తాడు. పొద్దెక్కేదాకా పడుకుంటాడు. వాణ్ని లేపడానికి మా వాడకు ఎవరూ రారు.

వచ్చే వారం ఆ లెక్కల పుస్తకాల గురించి, జీతగాళ్ల అప్పు ఎలా పెరిగేదో వివరంగా మాట్లాడుకుందాం.

జై భీమ్.